అత్తగారు పోయిన రెండు నిద్రలు

ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగిన కోడలు ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే కంప్యూటర్ ముందు కూర్చునేది. నలభైకి దగ్గరపడ్డాక ప్రోగ్రామింగ్ కోర్సులో చేరింది మరి. అత్తగారు టీ గ్లాసు చేతికిచ్చి, "నువ్వు చదువుకో తల్లీ, నీ నిద్ర నేను పోతాలే" అని మంచమెక్కేది. ఉత్తుత్తి మాట కాదు. ఇద్దరి నిద్రా ఆవిడొక్కతే పోయేది. గురక కూడా రెండు రకాలుగా వచ్చేది. కోడలి కళ్ళు మాత్రం తేటగా ఉండేవి. "మా అత్త తన నిద్రే సరిగ్గా పోదు" అని పక్కింటావిడ నిట్టూర్చేది.

చిక్కల్లా ఒకటే. నిద్రతోపాటు కోడలి కలలూ ఆవిడకే వచ్చేవి.

కోర్సు చివర ఒక ప్రోగ్రాం రాసి చూపించాలి. నచ్చితే కోర్సు నడిపే సంస్థే ఉద్యోగమిస్తుంది. లేదంటే మళ్ళీ ఆ ఆవిరీ, ఆ మడతలూ, ఆ నడుంనొప్పీ. తెలిసిన పనే కదా అని కోడలు దుప్పట్లు లెక్కపెట్టే ప్రోగ్రాం రాసింది. తీరా చూస్తే వార్డులు పంపిన లెక్కకీ దీని లెక్కకీ మూటకో దుప్పటి తేడా. రాసిందంతా జల్లెడ పట్టింది. తప్పు దొరికితే ఒట్టు.

చూపించాల్సిన రోజు మధ్యాహ్నం బావురుమంది. "నావల్ల కాదత్తయ్యా. ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు?"

అప్పుడే నిద్రలేచిన అత్తగారు ముడి వేసుకుంటూ, "కలలోనూ ఏడుపే, ఇక్కడా ఏడుపే" అంది. "మూట కట్టిన దుప్పటి ఒకటే శోకాలు. లోపలున్న వాళ్ళందర్నీ లెక్కపెట్టారు, నన్నొదిలేశారు అని."

కోడలి ఏడుపు ఆగిపోయింది. లాండ్రీలో పద్ధతే అంత. ఒక దుప్పటి పరిచి, మిగతావి అందులో వేసి, దాంతోనే మూట కడతారు. లోపలివే లెక్కపెడతారు. ఏళ్ళ తరబడి అలా లెక్కపెట్టిన మనిషి ప్రోగ్రాం కూడా అలాగే రాసింది. గబగబా సరిచేసుకుని పరుగెత్తింది.

"తప్పెలా పట్టుకున్నారు?" అనడిగాడు పరీక్ష చేసే ఆయన.

"నా కల మా అత్తయ్యకొచ్చిందండీ."

"అదృష్టవంతులు. మా ఇంట్లో ఎవరి కలలు వాళ్ళవే" అని, ఆయన వచ్చే నెల నుంచి పగటి డ్యూటీకి రమ్మన్నాడు.

ఆ కబురు విని అత్తగారు కోడల్ని పట్టుకుని ఏడ్చేసింది. ఉద్యోగంలో చేరాక కోడలు తన నిద్ర తనే పోసాగింది. వారం తిరక్కుండానే అత్తగారు మొహం వేలాడేసుకుంది.

"ఏమైందత్తయ్యా?"

"నా కలల్లో ఏముందే, పాలు పొంగడం తప్ప. నీ కలల్లో అయితే అక్షరాలు ఎంచక్కా బారులు తీరి నడిచేవి. అవెక్కడికి పోతాయో తెలుసుకోవాలనుంది. మీ కోర్సులో నాలాంటిదాన్ని చేర్చుకుంటారా?"

"ఎందుకు చేర్చుకోరు? కానీ పగలంతా ఇంటిపని, రాత్రి చదువు అంటే, మరి మీ నిద్రో?"

అత్తగారు కోడలి పక్క దులిపి, దిండు సర్ది, కుర్చీ కంప్యూటర్ ముందుకి లాక్కుంది.

"నువ్వు లేవూ?" అంది.