పప్పు పోసే చోటు లేని గ్రైండర్

నేను ఒక గ్రైండర్‌ని. ఈ మాట వినగానే మీలో చాలామందికి నానిన మినప్పప్పు, తెల్లటి పిండి, పొగలు కక్కే ఇడ్లీలు గుర్తొస్తాయి. నేను అది కాదు. ఇనుము కోసే గ్రైండర్‌ని. పిడికిట్లో ఇమిడే పొడుగాటి ఒళ్లు, మెడ వంచినట్టుండే చిన్న తల, ఆ తలకు బిగించే గుండ్రటి చక్రం, ఇదీ నా రూపం. తల వంచుకుని ఉండడం నా తయారీలోనే ఉంది. బతుకు కూడా దానికి తగ్గట్టే సాగింది.

నన్ను తయారుచేసిన చోట రాగి తీగ చుట్టి, పళ్ల చక్రాలకు జిడ్డు పూసి, ఒకసారి కరెంటు పెట్టి తిప్పి చూశారు. ఆ హోరు విని నాకు నేనే గొప్పగా అనిపించాను. నాతోపాటు అర్ధచంద్రంలా వంగిన ఇనుప తొడుగొకటి పెట్టెలో పెట్టారు. దాన్ని గార్డు అంటారు. తిరిగే చక్రం పొరపాటున పగిలితే ముక్కలు మనిషి మీదికి రాకుండా ఆపేది అదే. మనుషులకు అది రక్షణ. నాకు మాత్రం ఒంటి మీది బట్ట.

కాకినాడ జగన్నాథపురంలో గఫూర్ గారి ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ అద్దాల బీరువాలో ఉండగా తాతబ్బాయి గారు నన్ను చూశారు.

తాతబ్బాయి గారు తపాలా ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు కొడుతూ ఉద్యోగమంతా గడిపారు. ఆ కిటికీకి ఎదురుగా ఒక వెల్డింగు షాపు ఉండేది. పగలంతా అక్కడ నిప్పురవ్వలు పూలలా రాలుతుంటే, ఆయన చేతిలోని ముద్ర గాల్లోనే ఆగిపోయేదట. ఆ పని చేసేవాళ్లను చూసి ఎంత ముచ్చటపడ్డారో, వాళ్లతో ఒక్క మాట కలపడానికి అంత మొహమాటపడ్డారు. రిటైరయ్యాక పెరట్లో రేకుల షెడ్డు వేయించి, బల్ల ఒకటి చేయించి, సుత్తులూ శ్రావణాలూ గోడకు వరసగా తగిలించారు. ఆ గోడ మీద ఒక మేకు ఖాళీగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఆయన భార్య మంగతాయారు గారు ఇంటికో గ్రైండర్ కావాలన్నారు. ఆవిడ కుడి మణికట్టు వాచి ఉంది. డాక్టరు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఇంట్లో మిక్సీ ఉంది కానీ, మిక్సీలో వేసిన పిండితో చేసిన దిబ్బరొట్టె తాతబ్బాయి గారికి గొంతు దిగదు. అందుకని ఆవిడ ఆ వాచిన చేత్తోనే పెరట్లో రుబ్బురోలు తిప్పుతూ వచ్చారు. ఆయన బజారుకు బయలుదేరుతుంటే లోపల్నుంచి, "గ్రైండరోటి చూడండి, ఇంక నావల్ల కావట్లేదు," అన్నారు.

మనుషుల చెవులు విచిత్రమైనవి. ఎదుటివాళ్లు చెప్పిన మాటే వింటాయి, అర్థం మాత్రం తమకు కావలసింది తీసుకుంటాయి. ఆయన కావాలని చేశారని నేననను. భార్య నోటితో గ్రైండర్ అనే మాట వినగానే ఆయన కళ్ల ముందు గోడ మీది ఖాళీ మేకే కనబడి ఉంటుంది. తన మనసులోది ఆవిడ ఇన్నాళ్లకు కనిపెట్టిందని మురిసిపోతూ నన్ను ఇంటికి తెచ్చారు.

పెట్టె విప్పినప్పుడు ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నన్ను తిప్పి చూశారు. కింద చూశారు, పైన చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఇందులో పప్పెక్కడ పొయ్యాలండీ?"

ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ తిట్టలేదు. కాసేపు నవ్వి, నన్ను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, రోలు దగ్గరికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే మా ఇద్దరికీ తేలికగా ఉండేది. షెడ్డులో ఆ ఖాళీ మేకుకు వేలాడుతూ నేను రోట్లో పొత్రం తిరిగే చప్పుడు వినేవాణ్ణి. మధ్యలో ఆ చప్పుడు ఆగేది. చెయ్యి మార్చుకుంటున్నారన్న మాట. మళ్లీ మొదలయ్యేది. నా ఒంట్లో అంత బలం పెట్టుకుని, ఆ పనికి మాత్రం పనికిరాకుండా వేలాడడం నాకు సిగ్గుగా ఉండేది.

మర్నాడే వెళ్లి అసలు గ్రైండర్ కొనచ్చు కదా అని మీరనొచ్చు. కొనేవారే, మధ్యలో నూకరాజు రాకుంటే. అతను ఆవిడ తమ్ముడు. భోజనం దగ్గర ఈ సంగతి విని, పొలమారేదాకా నవ్వాడు.

"అక్కా, పోన్లే, ఆకలేసినప్పుడు మేకులు కోసి పెడతాడు బావ," అన్నాడు. సాయంత్రానికల్లా వీధంతా ఆ మాటే చెప్పుకున్నారు. ఎదురింటివాళ్లు కూడా నవ్వుతూ పలకరించేసరికి తాతబ్బాయి గారికి పౌరుషం వచ్చింది. తెచ్చింది తప్పని ఒప్పుకుంటూ ఇంకొకటి మోసుకురావడం కంటే, తెచ్చినదానితోనే ఆవిడ కష్టం తీర్చి చూపించాలనుకున్నారు.

ఆయన ఆలోచన ఇదీ. ఆ రోలు అరిగి గుంట నున్నబడిపోయింది. అందుకే పప్పు త్వరగా నలగడం లేదు. వెనకటికి రోళ్లకు ఉలితో గంట్లు పెట్టేవాళ్లు వీధుల్లోకి వచ్చేవారు. ఇప్పుడు రావడం లేదు. ఆ గంట్లేవో నాతోనే పెడితే, రోలు గరుకెక్కి ఆవిడకు సగం శ్రమ తగ్గుతుంది.

ఆలోచనలో ప్రేమ ఉంది, దానికి నేను సాక్షిని. కానీ నాకు బిగించే చక్రాలన్నీ ఒకటి కావు. ఇనుము కోసే చక్రం అట్టముక్కలా పలచగా ఉంటుంది. అరగదీసేది మందంగా ఉంటుంది. నునుపు చేసేది గరుకు కాగితం రేకులు పూవులా పేర్చినట్టుంటుంది. రాతిని కోసేది వేరే, వజ్రపు పొడి అంచున్న ఉక్కు బిళ్ల. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే అది ఒప్పుకోదు, పగులుతుంది.

చక్రం సైజు తెలియడానికి నన్ను సంచిలో వేసుకుని ఆయన గఫూర్ గారి కొట్టుకు వెళ్లారు. సరిగ్గా ఆ వేళకే వెల్డింగు షాపు వాళ్లిద్దరు అక్కడ నిలబడి ఉన్నారు. ఉద్యోగమంతా కిటికీలోంచి చూసిన మనుషులు మొదటిసారి ఆయన పక్కన, భుజం తగిలేంత దగ్గరగా ఉన్నారు. గఫూర్ గారు అందర్నీ అడిగే ప్రశ్నే అడిగారు. చక్రం ఇనుముకా, రాయికా?

రాయి అంటే ఏం రాయని అడుగుతారు. రుబ్బురోలని చెప్పాలి. సంచిలో చీకట్లో ఉన్న నాకు ఆయన వేళ్లు బిగుసుకోవడం తెలిసింది.

"ఇనుముకేనండి. గేటు పనుంది," అన్నారు తాతబ్బాయి గారు.

ఆ ఇంటికి గేటు లేదు. వెదురు తడిక ఉంది.

మర్నాడు ఉదయం ఆవిడ వంటింట్లో ఉండగా ఆయన రోలు పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. పలచటి చక్రం బిగించి నన్ను గుంటలోకి దించబోయారు. గార్డు రోలు అంచుకు తగిలి అడ్డం పడింది. రెండు మూడుసార్లు ప్రయత్నించి, చివరికి స్క్రూడ్రైవరుతో దాన్ని ఊడబెరికి పక్కన పడేశారు. దాని పట్టీ వంకరపోయింది. పట్టపగలు, పెరట్లో, కాకులు చూస్తుండగా నేను బట్టలేకుండా మిగిలాను. నాకు చేతులుంటే కప్పుకునేవాణ్ణి. నోరుంటే వద్దనేవాణ్ణి. ఉన్నది స్విచ్చొక్కటే, అది ఆయన వేలి కింద ఉంది.

తిరిగాను. రాయి మీద పలచటి చక్రం కీచుమంటూ కరిగిపోతోంది. గంటు పడకపోయేసరికి ఆయన నన్ను పక్కకు వంచి ఒత్తారు. గుంట గోడకూ నా ఒత్తిడికీ మధ్య చక్రం ఇరుక్కుంది.

ఆ చప్పుడుకు మంగతాయారు గారు బయటికి వచ్చారు. నానిన పప్పు గిన్నె ఎడమచేత్తో నడుముకు ఆనించి, దుమ్ము పడకుండా కుడిచేత్తో దాని మీద ఇత్తడి పళ్లెం అడ్డం పెట్టి పట్టుకున్నారు. ఏం చేస్తున్నారని అడగబోయారు.

చక్రం పగిలింది. ఒక ముక్క గోడకు తగిలింది. ఇంకొకటి ఆయన చెవి పక్కనుంచి వెళ్లి ఆవిడ చేతిలోని పళ్లేనికి తగిలి ఠంగుమంది. పళ్లెం సొట్టపోయింది. గిన్నె జారి పప్పంతా పెరట్లో ఒలికింది. ఆ పళ్లెం వెనక ఉన్నది వాచిన ఆ మణికట్టే.

ఆయన నన్ను ఆపారు. ఆవిడ ముందు పళ్లేన్ని చూసుకున్నారు, తర్వాత చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నారు. గీత కూడా పడలేదు.

"నొప్పి తగ్గించమంటే చెయ్యే తీసేద్దావనుకున్నారేటండీ," అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. ఆయన కిందకు వంగి, ఒలికిన పప్పును మట్టితో సహా దోసిట్లోకి ఎత్తడం మొదలుపెట్టారు. అది ఇంక ఎందుకూ పనికిరాదని ఆవిడకు తెలుసు. అయినా వద్దనలేదు, ఆయన ఎత్తినంతసేపూ గిన్నె పట్టుకుని నిలబడ్డారు. మనుషుల్లో నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. అది మాత్రం అర్థమైంది.

ఆ పూటే ఆయన నన్ను మళ్లీ సంచిలో వేసుకుని కొట్టుకు వెళ్లారు. గఫూర్ గారి బల్ల మీద నన్ను పెట్టారు. వంకరపోయిన గార్డు పక్కన పెట్టారు. నేను అలాగే, బట్టలేకుండా, నలుగురి ముందు. వెల్డింగు షాపు వాళ్లలో ఒకతను మేకులు తూయించుకుంటూ అక్కడే ఉన్నాడు.

"నిన్న గేటని అబద్ధం చెప్పానండి," అన్నారు తాతబ్బాయి గారు. "మాకు గేటు లేదు. మా ఆవిడ రుబ్బురోలుకి గంట్లు పెడదావనుకున్నాను. చక్రం పగిలిందండి."

వెల్డింగు అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. నా ఖాళీ తల వైపు, గార్డు ఉండవలసిన చోటు వైపు చూశాడు.

"అమ్మగారికేం అవ్వలేదు కదండీ?" అన్నాడు.

అన్నాళ్లు కిటికీలోంచి చూసినా కలవని మాట ఆ రోజు అలా కలిసింది. గఫూర్ గారు కొత్త గార్డు తెచ్చి తనే బిగించారు. స్క్రూ బిగిసినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. రుబ్బే గ్రైండర్లు ఏ కొట్లో ఉంటాయో కూడా ఆయనే చెప్పారు.

వారం తిరక్కుండా అసలు గ్రైండర్ ఇంటికి వచ్చింది. బొద్దుగా, తెల్లగా, లోపల నల్లరాళ్లతో. నేల మీద పెడితే ఆవిడ నడుం వంచాల్సి వస్తోంది. అప్పుడు తాతబ్బాయి గారు దానికో స్టాండు చేయాలనుకున్నారు. ఈసారి తొందరపడలేదు. రవ్వలు పడకుండా కళ్లద్దాలు పెట్టుకున్నారు. పలచటి చక్రంతో ఇనుప కమ్ములు కోయించారు, మందపు చక్రంతో అతుకుల గడ్డలు అరగదీయించారు. అతుకులు వేసింది ఆ వెల్డింగు అతనే, ఇంటికొచ్చి మరీ. ఆఖరున పూరేకుల చక్రం బిగించి అంచులన్నీ నునుపు చేశారు. చేసిన చోటల్లా తన అరచేత్తో తడిమి చూసుకున్నారు. గుచ్చుకుంటే మళ్లీ నన్ను ఆనించారు. ఆవిడ చెయ్యి ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడల్లా ఆయన చెయ్యి ముందు తగిలింది. నా జీవితంలో నేను సిగ్గుపడకుండా చేసిన పని అదొక్కటే.

స్టాండు మీద గ్రైండర్ ఎక్కాక నూకరాజు కూడా చూడ్డానికి వచ్చాడు. ఆవిడ నానిన పప్పు గిన్నె తెచ్చి మొగుడి చేతికిచ్చారు. గ్రైండర్ తెచ్చినవాళ్లే రుబ్బాలని, తన చేతికి డాక్టరు సెలవిచ్చాడని చెప్పి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. ఆయన గ్రైండర్ చుట్టూ ఒకసారి తిరిగారు. మూత చూశారు, రాళ్లు చూశారు. ఇన్నేళ్లు దిబ్బరొట్టె తిన్న మనిషి గిన్నె పట్టుకుని తెల్లబోయి నిలబడ్డారు.

"ఇందులో పప్పెక్కడ పొయ్యాలి, తాయారూ?" అని అడిగారు.

నూకరాజు నోరు తెరవబోతే ఆవిడ ఒక్క చూపు చూశారు. అతను నోరు మూసుకున్నాడు. తర్వాత ఆవిడ లేచి, ఎడమచేత్తో మూత తీసి, ఎక్కడ పొయ్యాలో చూపించారు.

ఇప్పుడు ఈ ఇంట్లో గ్రైండర్ అంటే అదే. నన్ను "ఆయనది" అంటారు. షెడ్డులో నా మేకు పక్కనే ఆ సొట్ట పళ్లేన్ని కూడా ఆయన తగిలించుకున్నారు. గాలి వీచినప్పుడు అది నా గార్డుకు తగిలి చిన్నగా మోగుతుంది. మోగినప్పుడల్లా నాకు ఆ ఉదయం గుర్తొచ్చి తల వంచుకుంటాను. నా తల ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి అది ఎవరికీ కనబడదు. మొన్న దుమ్ము పడకూడదని మంగతాయారు గారు తన పాత చీర ముక్కొకటి తెచ్చి నా మీద కప్పారు. ముడి ఆవిడే వేశారు, కుడిచేత్తో.