విడి కంచం

మామగారు కరోనాతో పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కోడలి కంచం, గ్లాసు స్నానాల గది పక్కన, చీపుళ్లు పెట్టే అరలో ఉంటున్నాయి. అక్కడ పెట్టింది అత్తగారు. "ఆ ల్యాబు నుంచి రోగాన్ని మోసుకొచ్చి నిండు ప్రాణాన్ని మింగేసింది" అని వచ్చినవాళ్లకీ, ఫోన్ చేసినవాళ్లకీ చెప్పి ఏడ్చేది. మొగుడు పక్కనే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వినేవాడు.

తిడుతున్నారని కాదు కోడలి బాధ. ఆ మాట నిజమేనేమోనని. రోగుల ముక్కుల్లోంచి తీసిన నమూనాల్లో కరోనా జన్యువుల అక్షరాలు చదివి, ఏ రకం ఎక్కడ తిరుగుతోందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మొదట జ్వరం వచ్చిందీ ఆమెకే. "గదిలో ఒక్కదానివే ఏం తోస్తుందమ్మా" అంటూ తలుపు అవతల కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పిన మామయ్యను తానే చంపిందా? ఆ ప్రశ్నతో ఆమెకు తిండి సహించడం లేదు.

అప్పట్లో ఇంట్లో నలుగురూ ఎవరి ముక్కులో వాళ్లు పుల్ల తిప్పుకుని ఇచ్చిన ట్యూబులు ల్యాబు ఫ్రీజరులోనే ఉన్నాయి. అక్కడి పెద్ద డాక్టరమ్మను బతిమాలి తనదీ, మామయ్యదీ జన్యువులు చదివే మిషను ఎక్కించింది.

రెండూ వేరు వేరు రకాలు! ఆమె నుంచి ఆయనకు అంటుకునే అవకాశమే లేదు. కోడలు కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత, ముందు ఇది చూడు" అంది డాక్టరమ్మ. మామయ్యకు సోకిన వైరస్, అప్పట్లో ల్యాబుకొచ్చిన పేకాట క్లబ్బువాళ్ల నమూనాల్లో దొరికిన దానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయింది.

మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి పేకాటకు వెళ్లాడా? ఆ ఇంట్లో ముక్క పట్టేది ఒక్కడే. క్లబ్బు మానేశానని తండ్రి మీద ఒట్టు వేసి, ఆఫీసు పనంటూ రోజూ సాయంత్రం మాయమయ్యే ఆమె మొగుడు మహానుభావుడే. మరి ఆయన ట్యూబు సంగతేమిటి? అప్పుడు పరీక్ష కుదరలేదని వచ్చింది. చావు గోలలో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కోడలు దాన్ని మళ్లీ పరీక్షించింది. వైరస్ ఉన్నా లేకపోయినా, ముక్కులో తిప్పిన పుల్లకు మనిషి కణాలు అంటుకునే తీరాలి. ఇందులో అవీ లేవు. ఆ పుల్ల ముక్కు మొహమే చూడలేదు. కుళాయి నీళ్లలో ముంచి ఇచ్చాడు, ఛీ!

ఇంటికొచ్చేసరికి మొగుడు బల్ల మీద కాళ్లు బారజాపుకుని టీవీ చూస్తున్నాడు.

"క్లబ్బులో అంటించుకొచ్చింది మీరు. పుల్లను నీళ్లలో ముంచి ఇచ్చిందీ మీరే. అవునా?"

కాళ్లు కిందకు దించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. ఇప్పుడు చెబితే నాన్న లేచొస్తాడా? నిన్నెలాగూ అంటున్నారు, నీకు అలవాటైపోయింది. కొత్తగా నన్ను కూడా అనిపించడం ఎందుకే?"

ఈ నోటితోనా ఈ మనిషి శవం పక్కన "నాన్నా" అని బావురుమన్నది?

"అత్తయ్యా, ఇలా రండి!" అని కేకేసింది.

అత్తగారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కోడలు అంతా చెప్పింది. ఇప్పుడైనా ఆ గరిటె కొడుకు నెత్తిన పడుతుందనుకుంది, పిచ్చిది.

"నాకు తెలియదనుకున్నావా?" అంది అత్తగారు. "వాడు దగ్గుతుంటే వేడినీళ్లు కాచిచ్చింది ఎవరు? నేనే. కన్నకొడుకును నలుగురిలో అల్లరిపాలు చేసుకుంటామా? నువ్వంటే బయట నుంచి వచ్చినదానివి."

అన్నీ తెలిసే ఈ కంచం విడిగా పెట్టింది!

కోడలు అరలోంచి కంచం, గ్లాసు తీసి శుభ్రంగా తోమింది. ఇన్నాళ్లూ వీళ్ల కంచాల్లో తిననందుకు మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది. రెండూ తుడిచి సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుంది.