ఫ్రీజర్‌లో ముప్పై ఒక్క రోజులు

చీజ్ ఫ్యాక్టరీలో సెలవుల కిటికీ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు. కిటికీ వెనక డార్లా కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చుంటుంది. సెలవు వాడుకునేవాళ్లు సంతకం పెట్టి పోతారు. వాడుకోకుండా పనికి వచ్చినవాళ్లకి మాత్రం ఆ రోజును మాంసం చుట్టే తెల్ల కాగితంలో పొట్లం కట్టి, టేపు అంటించి, పైన తారీఖు రాసి ఇస్తుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పడెయ్యాలి, లేకపోతే దారిలోనే కరిగిపోతుంది.

విస్కాన్సిన్‌లో ఆ చిన్న ఊళ్లో ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఒక డీప్ ఫ్రీజర్ ఉంటుంది. అందులో జింక మాంసం, చెరువులో పట్టిన చేపలు, కిందటేటి మొక్కజొన్న గింజలు, వాటి మధ్య నాలుగైదు రోజులు. ఎప్పుడో అవసరానికి తీసి విప్పితే పొద్దుగూకే దాకా ఆ రోజే నడుస్తుంది. విప్పినవాళ్లూ, పక్కనున్నవాళ్లూ ఆ రోజుకి ఎలా ఉన్నారో అలా అయిపోతారు. పక్కింటి డ్యుయేన్ కూతురి పెళ్లి జనవరి మంచు తుఫానులో పడితే, ఎనిమిదేళ్ల నాటి జూన్ రోజు ఒకటి తీసి విప్పాడు. పెళ్లికొచ్చిన వాళ్లంతా పొట్టి చేతుల చొక్కాలతో తిరిగారు. డ్యుయేన్ నొప్పి ఎరగని అప్పటి మోకాళ్ల మీద గంటసేపు నాట్యం చేశాడు.

ఎల్డన్ ఫ్రీజర్‌లో ముప్పై ఒక్క రోజులున్నాయి. ఊళ్లో ఇంకెవరికీ అన్ని లేవు. చీజ్ తొట్టెలు కడిగే పనిలో నలభై ఏళ్లు, వయసు అరవై తొమ్మిది, ఇంకా రిటైర్ కాలేదు. ఆ రోజులన్నీ ఒక్క ప్రయాణం కోసం దాచినవి. భార్య మార్లిస్‌కి పన్నెండేళ్లప్పుడు బళ్లో ఎవరో ఒక చిరునామా ఇచ్చారు. అప్పట్నుంచి శ్రీలంకలోని బండారవెలలో నిర్మలి అనే ఆవిడతో ఉత్తరాలు నడుస్తున్నాయి. యాభై ఏడేళ్ల స్నేహం, ఒక్కసారీ కలిసింది లేదు. ఏటా ఆగస్టులో మార్లిస్ అడిగేది, "ఈ ఏడు వెళ్దామా?" అని. "మరికొన్ని పోగవనీ. ముప్పై రోజులు రోజుకొకటి వరసగా విప్పుదాం. పడుచు కాళ్లతో, పడుచు కళ్లతో తిరిగొద్దాం," అనేవాడు ఎల్డన్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అతనికి చెప్పేవాళ్లు లేక కాదు. అతను వినలేదు, అంతే.

కిందటి వేసవి నుంచి మార్లిస్ కళ్లకి నడిమధ్య మసక మొదలైంది. మనిషి చెవులు కనబడతాయి, మొహం కనబడదు. అక్టోబరు చివర హాలోవీన్ గుమ్మడికాయలు కోసే నాటికి ఆ అంచుల చూపు కూడా పోవచ్చని సెప్టెంబరు మొదటివారంలో డాక్టరు చెప్పింది. ఆ మాట విన్న మర్నాడే ఎల్డన్, "లైబ్రరీకి పద, వీసాకి పెట్టేద్దాం," అన్నాడు.

బయల్దేరే ముందు నేలమాళిగలోకి పరిగెత్తి ఫ్రీజర్ తెరిచాడు. అతని పాస్‌పోర్ట్ కూడా అందులోనే, జిప్ సంచీలో, రోజుల కిందే ఉంది. చేతులు కొంకర్లు పోతుంటే జింక తొడలూ చేపలూ అటూ ఇటూ నెట్టి దాన్ని లాగాడు. పైనుంచి మార్లిస్ కారు హారన్ కొట్టింది. మూత ఒక్క తోపు తోసి మెట్లెక్కేశాడు.

లైబ్రరీలో కంప్యూటర్ దగ్గర జోలీన్ కూర్చుని ఉంది. చిన్నప్పుడు బడి వంటగదిలో మార్లిస్ వడ్డించిన మకరోనీ తిని పెరిగిన పిల్లే. నిర్మలి ఉత్తరాలు ఇప్పుడు ఆమే చదివి పెడుతోంది.

"ముందు మీది మొదలెడదాం మార్లిస్ గారూ. ఇంతకుముందు ఎప్పుడైనా శ్రీలంక వెళ్లారా అని అడుగుతున్నారు."

"ఉత్తరాల్లో వెళ్లాను. అది లెక్కకొస్తుందా?"

"రాదేమోనండి. ప్రయాణం దేనికి అంటున్నారు. వ్యాపారమా, వైద్యమా, చూడ్డానికా?"

"చూడ్డానికి," అంది మార్లిస్. "అది గట్టిగా నొక్కు."

జోలీన్ నవ్వి నొక్కింది. ఎన్ని రోజులుంటారని అడిగితే ముప్పై అన్నాడు ఎల్డన్, పక్కనుంచి గర్వంగా. ముప్పై రోజులే ఉండనిస్తారట. మనకి ఒకటి ఎక్కువే ఉందని అతను మనసులో అనుకున్నాడు. మార్లిస్ పాస్‌పోర్ట్ వంటింటి తువ్వాళ్ల సొరుగులో ఉండేది. మూడేళ్ల కిందట తనే వెళ్లి కొత్తది చేయించుకుంది. అప్పుడు ఎల్డన్, "రాణీగారి సవారీ ఎప్పుడో!" అని ఎగతాళి చేశాడు కూడా. ఆమె దరఖాస్తు పావుగంటలో అయిపోయింది.

ఎల్డన్ తన జిప్ సంచీ బల్ల మీద పెట్టాడు. జోలీన్ మంచు తుడిచి తారీఖు కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఎల్డన్ గారూ, అక్కడ దిగిన రోజు నుంచి ఇంకో ఆరు నెలలు చెల్లాలట. మీది జనవరితో అయిపోతోంది."

"అయిపోవడమేంటి? తొమ్మిదిన్నరేళ్ల కింద, వచ్చిన రోజే ఫ్రీజర్‌లో పెట్టాను. ఒక్క రోజు కూడా బయట లేదు. చూడు, ఇంకా గడ్డకట్టే ఉంది!"

"రోజులు నిలవుంటాయండీ," అంది జోలీన్ మెల్లగా. "కాగితాలు నిలవుండవు."

ఆ ఊరి మనిషి కాకపోతే అలాంటి పొరపాటు చెయ్యడు. ఫ్రీజర్‌లో పెట్టింది ఏదీ పాడవదని వాళ్లకి ఉగ్గుపాలతో అలవాటైన నమ్మకం. కొత్తది రావడానికి ఎనిమిది వారాలు పడుతుందని జోలీన్ చెప్పింది. ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. కారులో కూర్చున్నాక, "పోనీలే, ఎనిమిది వారాలేగా," అన్నాడు. "అప్పటికి నీ కళ్లెలా ఉన్నా, మన రోజులు మనకున్నాయి. విప్పితే కళ్లు వాటంతటవే వస్తాయి."

మార్లిస్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వంటింట్లో అడుగుపెట్టగానే కోసిన గడ్డి వాసన కొట్టింది. నేలమాళిగ తలుపు కింది నుంచి ఎండ కారుతోంది. ఎల్డన్ తలుపు తీసి, మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. జింక తొడ ఒకటి అంచుకి అడ్డం పడి, ఫ్రీజర్ మూత జానెడు తెరుచుకుని ఉంది. నేలమాళిగంతా మోకాలి లోతున ఎండాకాలాలు. చెరువు నీళ్ల మెరుపు, పుట్టినరోజు కొవ్వొత్తుల పొగ, ఎప్పటివో మిడతల అరుపులు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి మూలనున్న తూము వైపు పోతున్నాయి. అతను తువ్వాలు తీసి తూముకి అడ్డం కుక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఎండ తువ్వాల్లోంచి కూడా పోయింది.

మార్లిస్ మెట్లు దిగి అందులో నిలబడింది. వెలుగు మోకాళ్లకి తగలగానే ఆమె కళ్లు తేటపడ్డాయి. తేలుతున్న తడి కాగితాలు ఒక్కొక్కటే అందుకుని చదివింది.

"తొంభై ఒకటి, జూలై. డోర్ కౌంటీకి పోయి చెర్రీలు కోసుకుందామన్నాను. తొంభై ఏడు, మే... మా అమ్మని చూసొద్దామన్నాను. రెండువేల ఎనిమిది. ఆ రోజు ఊరికే ఇంట్లో ఉండమన్నాను ఎల్డన్, నీకు గుర్తుందా?"

"గుర్తుంది," అన్నాడు. నిజంగానే గుర్తుంది. తన వైపు ఒక్కసారి చూస్తే బావుండునని అతను నిలబడ్డాడు. ఆమె కాగితాలే చదువుతూ ఉంది. నీరెండంతా చీలమండల దాకా దిగి, తూములోకి గుడగుడమని పోయింది. ఆమె చేతిలో చివరి కాగితం మిగిలింది. దాన్ని కళ్లకి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసి, మడిచి జేబులో పెట్టుకుంది.

ఫ్రీజర్ అడుగున, మాంసం కింద నొక్కుకుపోయి ఒక్క పొట్లం మాత్రం గట్టిగా ఉంది. ఆగస్టు 12, 1993.

రెండు రోజులకి మార్లిస్ ఈ-వీసా వచ్చింది. జోలీన్ దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి స్వయంగా తెచ్చిచ్చింది. మార్లిస్ ఆ కాగితం వేళ్లతో తడిమి, "ఇరవయ్యో తారీఖుకి టికెట్ తియ్యి జోలీన్," అంది. "ఒక్కటే."

"మార్లిస్, ఎనిమిది వారాలు ఆగితే ఇద్దరం..."

"ముప్పై ఏళ్లు ఆగాను ఎల్డన్. నా దగ్గర ఆగడం అయిపోయింది." కోపంగా అనలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం వంటింట్లో ఆమె అడిగింది. "ఆ పొట్లం ఇక్కడే విప్పుకుందామా? ఇద్దరం ఇక్కడే కూర్చుని. నీ మొహం ఒకసారి తీరిగ్గా చూసుకుంటాను."

"నలభై ఎనిమిదేళ్లు చూసిన మొహంలో కొత్తగా ఏముంటుందే? దాచుకో. అక్కడికెళ్లాక విప్పుకుందువుగాని."

షికాగో విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆవిడ చిన్న ఐసు పెట్టె తెరిపించింది. "ఏంటిది?"

"రోజు," అంది చక్రాల కుర్చీలోంచి మార్లిస్.

ఆవిడ వేలితో నొక్కి చూసింది. "గట్టిగా ఉంది, పర్లేదు. కరిగి నీరైతే మాత్రం లోపలికి పంపం." అని మూత పెట్టేసింది. మార్లిస్ మూల తిరిగి కనబడకుండా పోయాక గానీ ఎల్డన్‌కి తను ఏమన్నాడో తట్టలేదు. దాచుకో అన్నాడు. మళ్లీ అదే మాట. ముప్పై రోజులు తూములో పోయాక కూడా నోట్లోంచి అదే వచ్చింది. తిరిగొస్తూ నాలుగు గంటల దారి పొడవునా స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టుకుంటూనే ఉన్నాడు.

నాలుగు వారాలకి మార్లిస్ తిరిగొచ్చింది. కొలంబోలో నిర్మలి కొడుకు విమానం దాకా వచ్చి ఎక్కించి పంపాడట. టీ పొట్లాలు తెచ్చింది, ఒళ్లు కాస్త నల్లబడింది, నవ్వు మొహం. నిర్మలి గడ్డం మీద ఇంత పుట్టుమచ్చ ఉందనీ, యాభై ఏడేళ్లలో ఒక్క ఉత్తరంలోనూ ఆ సంగతి రాయలేదనీ చెప్పి తెగ నవ్వింది. గుమ్మడికాయలు కోసే రోజుకి ఆమె కళ్లలో వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. డాక్టరు లెక్క తప్పలేదు.

నవంబరు మొదటివారంలో ఎల్డన్ కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది. అదే టపాలో ఒక ఉత్తరం కూడా వచ్చింది, బండారవెల ముద్రతో. పైన అతని పేరు, మార్లిస్ దస్తూరీ. ఏడాదిగా ఆమె పెన్ను పట్టలేదు. పెళ్లయినప్పట్నుంచీ ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి అతనికి ఎప్పుడూ ఉత్తరం రాయనూ లేదు.

"వచ్చిందా? పైకి చదువు," అంది మార్లిస్, ఉల్లిపాయ తడుముకుంటూ తరుగుతూ.

ఎల్డన్ కవరు చింపి చదివాడు.

"ఎల్డన్, తారీఖు చూసి కంగారుపడకు. ఇక్కడ ఇవాళ నిజంగానే 1993 ఆగస్టు పన్నెండు. పొద్దున్నే పొట్లం విప్పాం. నిర్మలికి నలభై ఏళ్లు కూడా లేవు, నాకూ లేవు. టీ కొండ మీద సాయంత్రం దాకా తిరిగాం. ఎండ పోయే లోపు నీకు రాద్దామని కూర్చున్నాను. అప్పట్లో అసలు ఈ రోజున నేను మన చెరువుకి పోదామన్నాను. తొట్టెలు కడగాలన్నావు. నీకు చెప్పలేదు గానీ ఒక్కదాన్నే వెళ్లాను. నీళ్లు చాలా బావున్నాయి. ఇదిగో చూడు అందామని పక్కకి తిరిగాను. నువ్వు లేవు. ఇవాళ కొండ మీద కూడా అలాగే తిరిగాను. ఇవాళ కూడా నువ్వు లేవు. వెలుగు తగ్గుతోంది. మార్లిస్."

అతను ఉత్తరం మడిచాడు. మడతలు సరిగా రాలేదు. మార్లిస్ తరిగిన ఉల్లిపాయ గిన్నెలోకి తోసి, ఇంకోటి తడుముకుని అందుకుంది.

మర్నాడు మంగళవారం. ఎల్డన్ ఫ్యాక్టరీకి వెళ్లి, తెల్ల కోటు తొడక్కుండా, మూసి ఉన్న కిటికీ తట్టాడు.

"ఇవాళ శుక్రవారం కాదే," అంది డార్లా.

"తెలుసు. ఇవాళ్టిది కావాలి."

ఆమె నిట్టూర్చి అలవాటుగా తెల్ల కాగితం చింపింది. టేపు లాగింది.

"కాగితం వద్దు డార్లా. ఊరికే ఇచ్చెయ్."

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని అతన్ని చూసింది. నలభై ఏళ్లలో ఆ మాట అతని నోట వినలేదు. టేపు పక్కన పెట్టి, రెండు చేతులతో రోజు తీసి కిటికీలోంచి అందించింది.

ఇంటికొచ్చేసరికి మార్లిస్ గుమ్మం మెట్టు మీద కోటు కప్పుకుని కూర్చుని ఉంది. కారు చప్పుడుకి తలెత్తింది.

"ఏంటి, ఏం మర్చిపోయావు?"

"ఏం లేదు. ఇవాళ సెలవు."

"సరేలే. ముందు వెళ్లి ఆ రోజును ఫ్రీజర్‌లో పెట్టిరా, కరిగిపోగలదు."

"ప్లగ్గు పీకేశాను," అన్నాడు ఎల్డన్. ఆమె పక్కన కూర్చుని, తెచ్చింది తెచ్చినట్టే ఆమె ఒళ్లో పెట్టాడు. "డ్యుయేన్ ఇంటి మీద పొగ నిటారుగా లేస్తోంది. మంచు పడేలా ఉంది. దారిలో చెరువు చూశాను, అంచులు గడ్డకట్టాయి గానీ మధ్యలో ఇంకా నీళ్లే. చెప్పు, ముందు ఎటు పోదాం?"

మార్లిస్ చేతి తొడుగులు తీసేసి, రెండు చేతులతో దాన్ని తడిమింది. కాగితం కోసం, టేపు కోసం వెతికి, ఎక్కడా దొరక్క ఆగిపోయింది.

"ఎల్డన్," అంది. "ఇది ఇంకా వెచ్చగా ఉంది."