కప్పు కింద బుడగలు

పొద్దున్నే అక్క సెలూన్ తలుపు తీసి వేణ్ణీళ్లు పెడుతుంది. చెల్లెలు కర్రకు గుడ్డ కట్టి, కప్పు కింద చేరిన బుడగల్ని మూలకు నెడుతుంది. అక్కడ తల రుద్దితే లేచే బుడగలు పగలవు, పైకి పోయి ఉండిపోతాయి. వచ్చేవాళ్లు కాస్త వంగి నడుస్తారు, అంతే.

కొన్నాళ్లుగా అక్క వేళ్ల సందులు చిట్లి నీరు కారుతున్నాయి.

"తలలు నేను రుద్దుతాలే అక్కా."

"రేపు నీ చేతులూ ఇట్లాగే అయితే? అప్పుడేం చేద్దాం?"

చర్మం డాక్టరమ్మ షాంపూ తెమ్మంది. అక్క కొత్త సీసా కొని పట్టుకెళ్లింది. ఆ షాంపూ రాసి వీపు మీద అంటించిన పట్టీలు రెండ్రోజులకు విప్పితే మచ్చయినా లేదు.

"షాంపూ కాదమ్మా. నీకీ పనే పడట్లేదేమో."

అక్క ఏడ్చి, షాపు అమ్మకానికి పెట్టింది. చెల్లెలు అలిగి మాట్లాడటం మానేసింది. కొనడానికొచ్చినాయన పైకి చూసి, "ఇవన్నీ తీసేయించండి, వారంలో వస్తాను" అన్నాడు.

చెల్లెలు స్టూలెక్కి బుడగలు దించుతుంటే అక్క కింద అందుకుంది. నిన్న కొత్త సీసాతో రుద్దినవి తేటగా ఉన్నాయి, కుడిచేతి మీద పెట్టుకుంది. మూలలోని పాతవి పసుపు తిరిగాయి, అవి ఎడమచేతి మీదికి వచ్చాయి. మర్నాటికి ఎడమచెయ్యి మోచేతిదాకా ఎర్రగా పొంగింది. కుడిచేతికి ఏమీ లేదు.

"అక్కా, ఇటు చూడు!" చెల్లెలికి గొంతు పెగిలింది.

గిన్నెలో పాత బుడగ పెట్టుకుని ఇద్దరూ ఆస్పత్రికి పరుగెత్తారు. ఈసారి పట్టీ కింద చర్మం భగ్గుమంది.

"కొత్త సీసాతో చూసి పొరబడ్డాను," అంది డాక్టరమ్మ. "నురగ తెప్పించే పదార్థం గాలి తగిలితే మెల్లగా మారిపోతుంది. నీకు పడనిది ఆ మారినదే. మీ షాంపూ ఎందులో ఉంచుతారు?"

చెల్లెలి మొహం పాలిపోయింది. "పెద్ద డబ్బాలోనండి. మూత విరిగితే నేనే పారేశాను. గుడ్డ కప్పుతున్నాను."

"ఈ అలర్జీ ఇక పోదు. చిన్న సీసాలు కొనండి, మూత బిగించండి, త్వరగా వాడేయండి. అయినా నువ్వు మాత్రం నురగలో చెయ్యి పెట్టకు."

దారంతా చెల్లెలు తలెత్తలేదు. వీధి మలుపులో అక్క ఆగింది.

"ఆ మూత విరగ్గొట్టింది నేనేనే పిచ్చిదానా. పద."

షాపు ముందు కొనేవాయన నిలబడి ఉన్నాడు. అక్క తలుపు తీసి లోపలికెళ్లి, కట్టు కట్టిన చేత్తోనే కత్తెర తీసి, కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"అమ్మట్లేదండీ. జుట్టు బాగా పెరిగింది, కూర్చోండి."