తిర్జా నల్లగౌను

చనిపోయిన అధ్యక్షుణ్ణి తీసుకొస్తున్న రైలు బుధవారం పొద్దున మా స్టేషన్ మీదుగా ఆయన సొంతూరు స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్తుందని కబురొచ్చింది. ఆదివారానికే ఊళ్లో సంతాపానికి కట్టే నల్లగుడ్డ అయిపోయింది. పట్టాలమీద కట్టిన కమాను సగం బోసిగా ఉంది. సోమవారం పాస్టరుగారి భార్య లొవీనా బూట్లు కుట్టే నా కొట్టుకి వచ్చి, పోయిన నా భార్య తిర్జా నల్లగౌను అడిగింది.

ఇవ్వనన్నాను. తిర్జా ఆ అధ్యక్షుణ్ణి తిట్టుకుంటూనే చచ్చిపోయింది. ఆయన కమానుకి ఆమె గౌను ఎలా కట్టనిస్తాను?

ఎందుకు తిట్టుకుందో ఊరందరికీ తెలుసు. మా అబ్బాయి ఏసాహెల్ యుద్ధానికెళ్లి, టెనెసీలో పటాలం వదిలి పారిపోయాడు. దొరికాడు. కాల్చెయ్యమని తీర్పిచ్చారు. తల్లి ఉత్తరం రాస్తే అధ్యక్షుడు క్షమిస్తాడని ఇలినాయ్‌లో అందరూ చెప్పుకునేవారు. తిర్జా రాసింది. జవాబు రాలేదు. వాణ్ణి కాల్చేశారు. ఆ గౌను కుట్టుకుని రెండు చలికాలాలు తొడిగింది. తర్వాత తనూ పోయింది.

ఊరికి తెలియంది ఒకటుంది. ఆ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి వెళ్లింది నేను. పోస్టు కిరాణా కొట్లోనే ఉండేది. పొయ్యి చుట్టూ నలుగురు కూర్చున్నారు.

"ఏం ఆరిన్, మీవాడి బూట్లు నువ్వే కుట్టావంటగా. బాగా పరిగెత్తాయి" అన్నాడొకడు.

ఉత్తరంమీద అధ్యక్షుడి పేరు వాళ్ల కంటపడుతుందని జేబులోంచి తియ్యలేదు. పొగాకు కొనుక్కుని వచ్చేశాను. వేసేశానని తిర్జాకి చెప్పాను. మర్నాడు వేద్దామనుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే అనుకున్నాను. పదో రోజు వాడు పోయినట్టు తెలిసింది.

లొవీనా వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "కోపం ఆవిడది అన్నయ్యా, మీరెందుకు మొయ్యడం? ఆ ఉత్తరం చూసుంటే ఆయన వదిలేసేవాడే. ఆయన చేతికి అంది ఉండదు."

లోపలికెళ్లి పెట్టెలోంచి గౌను తెచ్చి ఇచ్చాను. కత్తిరించొద్దని మాత్రం చెప్పాను.

బుధవారం ఏడింటికి రైలు నెమ్మదిగా వచ్చింది. మగవాళ్లు టోపీలు తీశారు. నేనూ తీశాను. ఇంజను పొగ తగిలి గౌను చేతులు పైకి లేచాయి, పడ్డాయి.

మధ్యాహ్నం లొవీనా దాన్ని మడిచి తెచ్చింది. మసి కంపు కొడుతోంది.

"ఆవిడ కూడా ఆయన్ని క్షమించేసిందనుకోండి" అంది.

ఆయన్ని కాదమ్మా అనబోయి, గౌను అందుకున్నాను. ఆమె వెళ్లాక గౌనుని పెట్టెలో ఆ ఉత్తరం పక్కన పెట్టి మూత వేశాను.