లింబాద్రి అంగీలో నాలుగు కుట్లు

నేను ఒక కత్తెరను. పదకొండు అంగుళాల పొడవు, ఇత్తడి పిడులు, పుట్టుక మీరట్‌లో. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. లారీ కింద ఉన్నప్పుడు ఎన్ని ఊళ్ళు తిరిగానో గాని, కత్తెరనయ్యాక నేనెరిగింది కోరుట్ల బజారులో ఒకే ఒక్క చెయ్యి. అది దర్జీ లింబాద్రిది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చేతిలోనే ఉన్నాను.

లింబాద్రి మెడలో టేపు అలంకారానికే. మనిషి గడప ఎక్కుతుండగానే ఛాతీ ఎంతో, నడుము ఎంతో చెప్పేసేవాడు. కొలతిచ్చేటప్పుడు మగవాళ్ళంతా పొట్ట లోపలికి పీల్చి నిలబడతారు. అతను నవ్వుకుని, రెండు అంగుళాలు కలిపి రాసుకునేవాడు. ఒకసారి హెడ్మాస్టరు భూమేశ్వర్ గారికి కొలత తీసి, "సారూ, నడుము మూడించులు తగ్గింది. ఊకెనే తగ్గది, దవఖానల సూపెట్టుకోండ్రి" అన్నాడు. చూపించుకుంటే చక్కెర జబ్బు బయటపడింది. ఊరందరి ఒళ్ళూ కనిపెట్టేవాడికి తన ఒళ్ళు తెలియకుండా ఉంటుందా?

నిరుడు అతనికి అన్నం దిగడం మానేసింది. భార్య నర్సవ్వ కట్టిచ్చిన సద్ది వీధికుక్కకు పెట్టేవాడు. డాక్టరు కడుపు నొక్కి చూసి, వెంటనే కరీంనగర్ వెళ్ళి పెద్ద పరీక్షలు చేయించుకోమన్నాడు. సరిగ్గా ఆ వారమే కూతురు రజిత అయిదో నెలతో పుట్టింటికి చేరింది. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఈసారి మంచం దిగకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు అని చెప్పి పంపారు.

"పురుడెల్లనీ, గప్పుడు చెప్త" అన్నాడు లింబాద్రి. అన్నది నాతోనే. దుకాణంలో ఇంకెవరూ లేరు.

మధ్యాహ్నం బజారు పలచబడగానే తలుపు దగ్గరేసి అంగీ విప్పేవాడు. పాత కుట్టుకు లోపలిగా ఇంకో కుట్టు వేసి, మళ్ళీ తొడుక్కుని అద్దంలో చూసుకునేవాడు. దారం కొసలు తెంపడం నా వంతు. నెల తిరిగేసరికి మళ్ళీ అదే పని. ఉన్న ఆరు అంగీలకూ అంతే. ఎంత నేర్పంటే, భుజం జారేది కాదు, ఎక్కడా ముడత పడేది కాదు. ఆ పనితనం చూసి నేను మురిసిపోయాను కూడా. ఇనుముకు బుద్ధి ఎక్కడిది!

"మొఖం గుంజుకపోయింది, పానం మంచిగుంటలేదా?" అని నర్సవ్వ అడిగింది.

"పండ్లు పీకించుకున్న గదనే, బుగ్గలు పోయినయ్. అంగి జూడు, యాడనన్న వదులైందా?"

ఆమె చూసింది. ఎక్కడా వదులు లేదు. నమ్మింది.

మనవరాలు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసే ముందు, తాను కుట్టిన గౌను పాపకు తొడుగుతూ లింబాద్రి నెత్తురు కక్కుకుని పడిపోయాడు. కరీంనగర్ డాక్టరు "నాలుగైదు నెలల ముందు తెస్తే ఏదన్నా చేసేవాళ్ళం" అన్నాడట. పదిహేడు రోజులకు పోయాడు.

దుకాణం ఖాళీ చేసి నన్ను ఇంటికి తెచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్ళ మాటలు అక్కడ విన్నాను. "పక్కల పండే మొగని పానం తెల్వకపాయెనా నర్సవ్వా?" అని ఒక్కొక్కరూ అడిగి, టీ తాగి వెళ్ళేవారు. తన కళ్ళు ఏమయ్యాయని ఆమె తల బాదుకునేది. ఆమె కళ్ళు కప్పిన పనిలో నాకూ భాగముందని ఎలా చెప్పను?

నెల మాసికం అయ్యాక, అంగీలు ఎవరికైనా ఇచ్చేద్దామని మడతపెడుతుంటే గళ్ళ అంగీ పక్క కుట్టు ఆమె వేలికి దళసరిగా తగిలింది. తిరగేసి చూసింది. పాత కుట్టు కాక, ఒకదాని లోపల ఒకటి నాలుగు కుట్లు. నన్ను అందుకుని, లోపలి కుట్టు నుంచి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. విప్పినకొద్దీ అంగీ వెడల్పయింది.

రజిత పాపను ఎత్తుకుని వచ్చింది. "ఏం జేస్తున్నవే అమ్మా?"

"మీ బాపు గుడ్డ కొయ్యలె బిడ్డా" అంది నర్సవ్వ. "అంత లోపల్నే దాసిండు. మల్ల ఒళ్ళు జేస్తననుకున్నడు. బతుకుతననే అనుకున్నడు."

ఆరు అంగీలూ విప్పి పాత కొలతకు తెచ్చింది. ఎవరికీ ఇవ్వలేదు.