మైదానంలో లైవ్ ఆగింది

ఎన్‌కోడర్ అంటే నేను వీపున మోసే సంచీ. కెమెరా తీసిన బొమ్మను లోపలున్న సిమ్ముల మీదుగా లోకానికి పంపుతుంది. పంపాలి. ఆ పూట మాత్రం మొండికేసింది.

హైజంప్‌లో, మేమంతా మిడత అని పిలిచే మా చెల్లికి ఇక చివరి ప్రయత్నమే మిగిలింది. శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఎంచే మేడమ్ కాలు విరిగి ఇంట్లో ఉంది. మా లైవ్ చూసే ఎంచుతుంది. బొమ్మ పోతే మిడత అవకాశం పోయినట్టే, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

"బొమ్మ బిగుసుకుపోయిందట. మేడమ్ ఫోన్ చేసింది" అన్నాడు కెమెరా పట్టుకున్న మా బావ.

"తెలుసులే బావా, నా బుర్ర తినకు."

కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను. సిమ్ములు తుడిచి వేశాను. బ్యాటరీ మార్చాను. పొద్దున ఇదే చోట పరీక్షిస్తే చక్కగా పనిచేసిందే. ఒళ్ళు మండి తలెత్తాను.

మెట్ల నిండా జనం, తలలు వంచుకుని ఉన్నారు. ముందు వరుసలో ఒకావిడ ఫోన్‌లోకి తొంగిచూశాను. మా లైవే.

"ఇక్కణ్ణుంచి కర్ర సరిగ్గా కనపడట్లేదమ్మా. ఇందులో దగ్గరగా చూపిస్తున్నారు, ఇప్పుడే ఆగిపోయింది" అని నాకే ఫిర్యాదు చేసింది.

పొద్దుట్నుంచీ మా లైవ్ చూడమని మైకులో ఊదరగొట్టించింది నేనే. బాగా అయింది నాకు. ఉన్న ఒక్క టవర్‌నీ చూసేవాళ్ళే మింగేస్తుంటే చూపించేవాళ్ళకు దారెక్కడిది?

పరిగెత్తి మైకు అందుకున్నాను. "అందరూ కాసేపు ఫోన్లు ఆపెయ్యండి. ఈ అమ్మాయిని ఎంచాల్సిన మేడమ్ ఇంట్లోంచి చూస్తోంది. మీ ఫోన్ల వల్ల ఆవిడకి బొమ్మ అందట్లేదు. మీకు కళ్ళున్నాయి కదా, వాటితో చూడండి."

చివరి ముక్క దురుసుగానే వచ్చింది. ఎవరో గొణిగారు. ముందు వరుస ఆవిడ మాత్రం తన ఫోన్ ఆపి, పక్కాయనది లాక్కుని అదీ ఆపేసింది.

"మా పిల్ల ఇందాకే ఓడిపోయింది. ఈ పిల్లనైనా కనపడనివ్వండి" అంటూ వెనక వరుసల్ని గదమాయించింది.

అప్పటికే మిడతని పిలిచేశారు. నేను సంచీ దగ్గరికి వచ్చేసరికి దాని తెర మీద ఒక సిమ్ము సిగ్నల్ గీతలు ఆకుపచ్చగా మారాయి. తర్వాత ఇంకోదానివి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "వెళ్తోంది బావా, కదలకు" అంటూ ఆ గీతల మీంచి చూపు తిప్పలేదు. పరుగు చప్పుడు విన్నాను. పరుపు మీద ధబ్బున పడిన చప్పుడూ విన్నాను. ఆ వెంటనే మైదానమంతా లేచి అరిచింది.

కాసేపటికి బావ ఫోన్ మోగింది. "శిబిరానికి బట్టలు సర్దుకోమంటోంది మేడమ్" అన్నాడు.

మిడత ఆయాసపడుతూ వచ్చి నా మీద పడింది. "ఎలా దూకాను అక్కా? చూశావా?"

"నేనెక్కడ చూశానే" అన్నాను దాని చెమట తుడుస్తూ. "మేడమ్ చూసింది, చాలు."